క్యాసెట్ అయిపోయిన చోట

జెనెసిస్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు వాళ్ళ "సప్పర్స్ రెడీ" అనే పాట నిడివి దాదాపు 23 నిమిషాలు. అందులో మొదటి 18 నిమిషాలు మాత్రమే ఎనిమిదేళ్ళపాటు నాకు తెలుసు. ఆర్గన్ ఒక్కో మెట్టూ పైకెక్కుతూ, ఇప్పుడు ఏదో జరిగి తీరుతుంది అనిపించే సరిగ్గా ఆ క్షణంలో టేప్ రికార్డర్ బటన్ టక్కున పైకి లేచేది. సైడ్ అయిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు మళ్ళీ వినపడేది.

అది 1989. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. మా వింగ్ చివరి గదిలో ఒక సీనియర్ ఉండేవాడు. వాళ్ళ అన్నయ్య మర్చంట్ నేవీలో పనిచేస్తూ ఓడ ఆగిన ఊళ్ళన్నిటి నుంచీ ఎల్పీ రికార్డులు తెచ్చేవాడట. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడల్లా మా సీనియర్ వాటిని క్యాసెట్లలోకి ఎక్కించుకుని వచ్చేవాడు. "అన్నా, ఇంకేమైనా ఉన్నాయా" అని నేను వెంటపడి వెంటపడి తిరిగితే ఒకరోజు రాత్రి మెస్ నుంచి వస్తూ ఒక 90 నిమిషాల క్యాసెట్ చేతిలో పెట్టాడు. పైన నీలం బాల్‌పెన్నుతో రెండు పేర్లు రాసి ఉన్నాయి. ఒకవైపు జెనెసిస్ వాళ్ళ ఫాక్స్‌ట్రాట్, రెండోవైపు యెస్ వాళ్ళ క్లోజ్ టు ది ఎడ్జ్. రెండూ 1972లో వచ్చినవే. ఫాక్స్‌ట్రాట్ మొత్తం 51 నిమిషాలు, అందులో చివరి పాట సప్పర్స్ రెడీ. క్యాసెట్ ఒకవైపు పట్టేది 45, మహా అయితే ఇంకో నిమిషం. మిగిలిన ఐదు నిమిషాలూ పోయాయి. క్లోజ్ టు ది ఎడ్జ్ 38 నిమిషాలే కాబట్టి రెండోవైపు చివర జాగా మిగిలింది, అక్కడ పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ మనీ అనే పాట ఎక్కించాడు. ఆ జాగాలో సప్పర్స్ రెడీ తోక పట్టేదే, కానీ ఆయనకి ఆ ఆలోచన రాలేదు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ క్యాసెట్ లేకపోతే నేను ఇవాళ ఇది రాసేవాణ్ణే కాదు.

ప్రోగ్రెసివ్ రాక్ అనే మాట అప్పటికి నాకు తెలియదు. 1969 నుంచి 1975 దాకా, ముఖ్యంగా ఇంగ్లండులో, రాక్ వాయించే కుర్రాళ్ళు కొందరు మూడు నిమిషాల పాట కట్టుబాటు వదిలేసి, చర్చి సంగీతం, జాజ్, యూరప్ శాస్త్రీయ సంగీతం, జానపదం ఏది దొరికితే అది కలుపుకుంటూ పెద్ద పెద్ద నిర్మాణాలు కట్టారు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్, జెత్రో టల్, వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్, జెంటిల్ జెయింట్, క్యామెల్, పింక్ ఫ్లాయిడ్. చాలామంది మొదలు ఎక్కడంటే కింగ్ క్రిమ్సన్ మొదటి రికార్డు దగ్గర అంటారు, అది 1969 అక్టోబరులో వచ్చింది. దానికి మూడు నెలల ముందే, జూలై 5న, లండన్ హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు వాళ్ళు వాయించారు. అప్పటికి బయట వాళ్ళ పేరు తెలిసినవాళ్ళు తక్కువ.

ఈ సంగీతం మీద యాభై ఏళ్ళుగా ఒకటే నింద ఉంది. సాగదీత, డాబు, ఆడంబరం. ఇరవై నిమిషాల పాటలు ఎవరికోసం, తమకి ఎంత వచ్చో చూపించుకోవడానికే కదా అని. ఇంగ్లీషు రాక్ చరిత్ర పుస్తకాల్లో ఇది దాదాపు తీర్పులా స్థిరపడిపోయింది. ఈ మధ్య మా ఆఫీసులో ఒక కుర్రాడు, ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ గీతలు గంటసేపు వివరంగా చెప్పగలిగినవాడు, నేను యెస్ పేరెత్తగానే "అది సాగదీసే మ్యూజిక్ కదండీ" అన్నాడు. అతను ఒక్క పాట కూడా వినలేదు. వినకుండానే ఆ మాట అతని నోటికి వచ్చేసిందంటే ఆ నింద ఎంత దూరం పాకిందో చూడండి. అతనికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇది.

ముందు మెలొట్రాన్ అనే వాద్యం గురించి చెప్పాలి. ఫాక్స్‌ట్రాట్‌లో మొదటి పాట దానితోనే మొదలవుతుంది. పెద్ద పెద్ద తీగవాద్యాల గుంపు ఏదో దూరంగా, పొగమంచులోంచి వస్తున్నట్టు ఉంటుంది, కానీ అంతా సన్నగా వణుకుతూ ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నా టేపు సాగిపోయిందనుకున్నాను. ఆపి, పెన్సిల్ దూర్చి రీలు బిగించాను. స్పిరిట్ ముంచిన దూదితో హెడ్ తుడిచాను. మళ్ళీ పెడితే మళ్ళీ అదే వణుకు. చాలా కాలం తర్వాత గానీ సంగతి తెలియలేదు. మెలొట్రాన్‌కి హార్మోనియంలాగే మెట్లుంటాయి గానీ లోపల రీడ్లుండవు, ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. ఆ ముక్క మీద వయొలిన్లో, ఫ్లూటో, కోరస్సో ఆ ఒక్క స్వరాన్ని పలికింది ముందే రికార్డు చేసి పెడతారు. మెట్టు నొక్కితే టేపు హెడ్‌కి ఆనుకుని కదులుతుంది, వదిలితే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. టేపు ఎనిమిది సెకన్లే ఉంటుంది, ఆ తర్వాత ఎంత నొక్కి పట్టుకున్నా శబ్దం రాదు. కాబట్టి వాయించేవాడు ప్రతి స్వరానికీ లోపల ఒక గడియారం పెట్టుకుని వాయించాలి. బర్మింగ్‌హామ్‌లో తయారైన ఆ పెట్టెలో టేపు వణికింది, ఆ వణుకు ఎల్పీ మీదకి ఎక్కింది, అక్కడి నుంచి ఒక సముద్ర ఉద్యోగి ఇంట్లో క్యాసెట్ మీదకి ఎక్కింది, చివరికి వరంగల్ హాస్టల్ గదిలో నా ముందుకొచ్చి వణికింది. నేను దాన్ని దూదితో తుడిచి బాగుచేయాలని చూశాను. ఆ వణుకే కదా ఆ సంగీతానికి ప్రాణం! ఇవాళ కంప్యూటర్లో మచ్చ లేని తీగవాద్యాలు దొరుకుతాయి, వాటిలో నాకు ఆ దిగులు ఎప్పుడూ వినపడలేదు.

ఇప్పుడు డాబు సంగతి. ఆ నింద వేసేవాళ్ళు ఎక్కువగా కళ్ళతో చూసినదాని గురించే మాట్లాడతారని నా నమ్మకం. 1972లో డబ్లిన్ కచేరీలో జెనెసిస్ గాయకుడు పీటర్ గేబ్రియల్ ఎర్ర గౌను వేసుకుని, తలకి నక్క ముఖం తగిలించుకుని వేదిక ఎక్కాడు. యెస్ కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ తళతళలాడే పొడవాటి అంగీలు తొడిగేవాడు, 1975లో లండన్ వెంబ్లీలో తన ఆర్థర్ రాజు కథని మంచు మీద స్కేటింగ్ ప్రదర్శనగా పెట్టాడు. రోజర్ డీన్ గీసిన యెస్ రికార్డుల అట్టల మీద గాల్లో తేలే కొండలు, జలపాతాలు. ఇవన్నీ నిజమే. కానీ నా చేతికి వచ్చిన క్యాసెట్‌లో ఇవేవీ లేవు. అట్ట లేదు, బొమ్మ లేదు, పాటల పేర్లు కూడా లేవు. వాళ్ళు ఎలా ఉంటారో తెలియదు, ఏం వేసుకుంటారో తెలియదు, ఏ పత్రిక ఏమని తిట్టిందో తెలియదు. జెత్రో టల్ వాళ్ళ థిక్ యాజ్ ఎ బ్రిక్ సంగతే చూడండి. అంతకుముందు రికార్డుని అందరూ ఒకే కథగా కట్టిన పాటల వరస అంటుంటే, అలాంటి వాటిని ఆటపట్టించాలని ఆ బ్యాండు గాయకుడు ఇయాన్ ఆండర్సన్ కావాలని ఎల్పీ రెండువైపులా కలిపి ఒకే పాటగా చేశాడు. అట్టని 12 పేజీల ఊరి వార్తాపత్రికలా అచ్చువేశారు. ఆ పత్రిక మేం చూడలేదు. మాకు అందింది 44 నిమిషాల సంగీతం, క్యాసెట్ ఒకవైపుకి సరిగ్గా సరిపోయింది. అది వేళాకోళమని ఎవరూ చెప్పలేదు కాబట్టి మేం దాన్ని మనసు పెట్టి విన్నాం, పరీక్షల ముందు రాత్రుళ్ళు కూడా విన్నాం, అది తట్టుకుని నిలబడింది. ఆటపట్టించడానికి మొదలుపెట్టినా చేతిలో పని ఉన్నవాళ్ళు మంచి సంగీతమే చేశారు. దేశంలో ఇంజనీరింగ్ హాస్టళ్ళలో పింక్ ఫ్లాయిడ్, జెత్రో టల్ అంతగా పాతుకుపోవడానికి ఇదీ ఒక కారణమనుకుంటాను. వేషాలు మా దాకా రాలేదు, శబ్దం ఒక్కటే వచ్చింది.

మరి సాగదీత? దీనికి జవాబు నాకు మా నాన్న దగ్గర దొరికింది.

నాన్న బ్యాంకులో పనిచేసేవారు. చిన్నప్పుడు నాలుగేళ్ళు మృదంగం నేర్చుకుని, తర్వాత చదువూ ఉద్యోగమూ వచ్చి వదిలేశారు. వదిలేశారంటే చేతులు వదిలేశాయి గానీ చెవులు వదల్లేదు. రేడియోలో కచేరీ వస్తే తొడ మీద వేళ్ళు వాటంతట అవే ఆడేవి. మాటలు తక్కువ మనిషి, ఫలానాది వినకు అని ఎప్పుడూ అనలేదు. 1990 దసరా సెలవులకి విజయవాడ వచ్చినప్పుడు ముందుగదిలో టూ-ఇన్-వన్‌లో ఈ క్యాసెట్ పెట్టుకున్నాను. ఆయన వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. రెండోవైపు చివర మనీ పాట వచ్చినప్పుడు పేపరు వెనకనుంచే "మిశ్రచాపులా నడుస్తోందే" అన్నారు. ఏడు మాత్రలు, నిజమే, గిటార్ సోలో దగ్గర అది నాలుగులోకి మారుతుంది, అక్కడ "ఊఁ, మార్చేశాడు" అన్నారు. నేను వెంటనే క్యాసెట్ తిప్పి, ముందుకి జరిపి, సప్పర్స్ రెడీ పెట్టాను.

ఆ పాట ఏడు భాగాలు. మొదట గిటార్ల మీద మెల్లగా ఒక భార్యాభర్తల పాటలా మొదలవుతుంది. తర్వాత ఇంకో రాగం గంభీరంగా వస్తుంది. ఆపైన ఒక యుద్ధం, దాని తర్వాత నిశ్శబ్దం, అందులోంచి ఉన్నట్టుండి విల్లో ఫార్మ్ అనే గంతులేసే పిచ్చి పాట. అది గేబ్రియల్ విడిగా రాసుకున్నది, తెచ్చి మధ్యలో పెట్టారు. పాట అంతా మరీ నున్నగా ఊహించినట్టే సాగిపోకుండా ఒక్క కుదుపు ఇవ్వడానికి. దాని తర్వాత వచ్చేదే ఆ భాగం. మైక్ రూథర్‌ఫర్డ్ బేసూ, ఫిల్ కాలిన్స్ డ్రమ్సూ ఒక మొండి లయని పట్టుకుని వదలకుండా కొడుతుంటాయి, దాని పైన టోనీ బ్యాంక్స్ ఆర్గన్ ఆ లెక్కకి కట్టుబడకుండా తన లెక్కలో తాను పోతూ ఉంటుంది.

పేపరు కిందికి దిగింది. నాన్న వేళ్ళు తొడ మీద ఒకసారి తప్పాయి, రెండోసారి తప్పాయి, మూడోసారి పట్టుకున్నాయి. "తకిట తక తకధిమి" అని పెదాలు కదిపి, "తొమ్మిదిరా ఇది, సంకీర్ణం" అన్నారు. మూడు, రెండు, నాలుగు. ఆ భాగం పేరులోనే 9/8 అని ఉందని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ళ తర్వాత. ఆయన అలా కొడుతూనే ఉన్నారు, ఆర్గన్ పైకి పోతూనే ఉంది, ఆయన ముఖంలో కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం చివరికొస్తున్నప్పుడు కనిపించే ఆత్రం కనిపించింది. టక్.

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏంట్రా, ముక్తాయింపేది?"

"క్యాసెట్ అంతే నాన్నా."

"ముక్తాయింపు లేకుండా ఎలా వింటున్నావురా ఇన్నాళ్ళూ?"

నేను ఏం చెప్పానో గుర్తులేదు. కానీ నిడివి గురించి నా ఆలోచన మొత్తం ఆ ఒక్క ప్రశ్నలోంచే వచ్చింది. రాగం తానం పల్లవి గంటసేపు నడుస్తుంది, సాగదీత అని ఏ రసికుడైనా అంటాడా? పల్లవిలో ఉండేది ఒక్క వాక్యం. కానీ విద్వాంసుడు దాన్ని వదిలి ఎంత దూరం వెళ్తే, ఎన్ని కాలాల్లో తిప్పితే, మళ్ళీ ఎడుపు దగ్గరికి, అంటే పల్లవి ఎత్తుకునే చోటికి వచ్చి సరిగ్గా వాలినప్పుడు సభలో అంత చప్పట్లు. వెళ్ళకపోతే రావడం ఉండదు కదా. రెండూ ఒకటే అని నేను అనడం లేదు. మన దగ్గర అప్పటికప్పుడు అల్లుకునే మనోధర్మం ప్రధానం, వాళ్ళది చాలావరకు ముందే కూర్చుకుని, స్టూడియోలో ముక్క ముక్కగా అతికినది. దారి వేరు. కానీ వినేవాడిలో పుట్టే ఎదురుచూపు ఒకటే, ఆ ఎదురుచూపుకి కొంత కాలం కావాలి, దాన్ని తగ్గిస్తే అది పుట్టనే పుట్టదు.

కింగ్ క్రిమ్సన్ వాళ్ళ స్టార్‌లెస్ వినండి. 1974లో రెడ్ అనే రికార్డులో చివరి పాట, 12 నిమిషాలు. మొదట గుండె పిండేసే రాగం, మెలొట్రాన్ మీద గిటార్. నాలుగు నిమిషాలు దాటాక అది తప్పుకుంటుంది, 13 మాత్రల బేస్ లయ ఒకటి మొదలవుతుంది, దాని మీద రాబర్ట్ ఫ్రిప్ గిటార్ ఒకే స్వరం. ఒకే స్వరం! నిమిషాల తరబడి అదే మీటుతూ, ఓపిగ్గా కొంచెం కొంచెం పైకి జరుపుతూ. డాబు చూపించుకునేవాడు చేసే పనేనా ఇది? చేతిలో ఎంతో ఉండి ఒక్క స్వరం దగ్గర అలా నిలబడటానికి ఎంత నిగ్రహం కావాలి. తర్వాత అంతా బద్దలవుతుంది, పరుగెడుతుంది, ఆ పరుగు చివర మొదటి రాగం తిరిగి వస్తుంది. అదే రాగం, కానీ మధ్యలో అదంతా అయిన తర్వాత అది మొదటిదానిలా వినపడదు. నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ రికార్డు బయటికి వచ్చేసరికి ఫ్రిప్ బ్యాండునే ఆపేశాడు. అందుకే ఆ రాగం తిరిగి రావడం నాకు వీడ్కోలులా వినపడుతుంది.

క్లోజ్ టు ది ఎడ్జ్ కూడా అంతే, 18 నిమిషాల పైన. పక్షుల కూతలు, నీటి చప్పుడుతో మొదలై, వెంటనే ఎవరికి వారు వాయిస్తున్నట్టుండే గందరగోళంలో పడేసి, నడిమధ్యలో చర్చి ఆర్గన్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ ఆర్గన్ వేక్‌మన్ లండన్‌లోని సెయింట్ జైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో వాయించి రికార్డు చేసినది. చివరికి మళ్ళీ ఆ పక్షులే. ఈ పాట కోసం ఎన్నో టేకుల్లోంచి టేపు ముక్కలు కోసి అతికించిన మనిషి ఎడీ ఆఫర్డ్, అతని పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇంత చేశాక డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ రికార్డు విడుదల కాకముందే యెస్‌ని వదిలి కింగ్ క్రిమ్సన్‌లో చేరిపోయాడు. అప్పటికే పేరున్న బ్యాండు నుంచి అంత కష్టమైన సంగీతం వైపు వెళ్ళాడంటే ఆ మనుషులకి దేని మీద ధ్యాసో తెలుస్తుంది.

పొట్టిగా కోస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. యెస్ వాళ్ళ రౌండెబౌట్ ఎనిమిదిన్నర నిమిషాల పాట. అమెరికా రేడియోల కోసం దాన్ని మూడున్నర నిమిషాలకి కోసి సింగిల్‌గా వేశారు, 1972లో అది 13వ స్థానం దాకా వెళ్ళింది. అమ్ముడుపోయింది కదా అంటారు. పోయింది. కానీ పూర్తి పాటలో మొదటి గిటార్ పలుకు అంత హడావిడి మధ్యలో తిరిగి వచ్చి గది మొత్తాన్ని ఒక్కసారి చల్లబరుస్తుంది, దాని కోసమే నేను ఆ పాట వింటాను.

ఎక్కడ ఒప్పుకోవాలో అక్కడ ఒప్పుకుంటాను. 1973 చివర్లో యెస్ వాళ్ళు టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్ అనే రెండు ఎల్పీల రికార్డు తెచ్చారు, నాలుగు వైపులకి నాలుగు పాటలు, మొత్తం 81 నిమిషాలు. దాని వెనక కథ మనకి దగ్గరిది. గాయకుడు జాన్ ఆండర్సన్ పరమహంస యోగానంద "ఒక యోగి ఆత్మకథ" చదువుతున్నాడు. మన ఇళ్ళలో చాలా అల్మరాల్లో ఉండే పుస్తకం. అందులో శాస్త్రాల గురించి ఒక అధోజ్ఞాపిక ఉంది, శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని. ఆ నాలుగే నాలుగు వైపులయ్యాయి. ఒక ఇంగ్లీషువాడు మన పుస్తకంలో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని పట్టుకుని అంత పని చేశాడని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయినా ఆ రికార్డు నాకు పూర్తిగా నచ్చదు. మొదటి వైపు, నాలుగో వైపు అద్భుతం. మధ్యలో రెండు వైపులు పలచబడ్డాయి. కారణం కూడా కనిపిస్తూనే ఉంది. నాలుగు ఉన్నాయి కాబట్టి నాలుగు వైపులు అని ముందే నిర్ణయించుకున్నారు, సంగీతం ఎంత ఉందో తర్వాత చూసుకున్నారు. వేక్‌మన్‌కి కూడా అది మింగుడుపడలేదు, 1974లో బయటికి వచ్చేశాడు. పాత్రకి తగ్గట్టు పాలు పొయ్యాలని నీళ్ళు కలిపితే అది సాగదీతే. కానీ ఆ ఒక్క రికార్డుని చూపించి మొత్తం సంగీతానికీ అదే పేరు పెట్టడం అన్యాయం, స్టార్‌లెస్‌లో తీసేయడానికి ఒక్క నిమిషం చూపించమనండి.

పొట్టిగా, మొరటుగా ఉండే పంక్ రాక్ వచ్చి వీళ్ళని తుడిచిపెట్టింది అనే కథ కూడా అరిగిపోయింది. 1970ల మధ్యలో పంక్ బ్యాండు సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్ చొక్కా మీద పైన "ఐ హేట్" అని రాసుకుని తిరిగిన మాట నిజం. కానీ అదే మనిషి 1977 జూలైలో లండన్‌లో ఒక రేడియో కార్యక్రమంలో తనకి ఇష్టమైన పాటలు వేయమంటే వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ గాయకుడు పీటర్ హామిల్ పాటలు వేశాడు. చొక్కా మీది మాట అందరికీ గుర్తుంది, ఇది ఎవరూ చెప్పరు. ఇక ఆ ద్వేషించిన పింక్ ఫ్లాయిడ్ రికార్డు ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్, 1973 నుంచి 1988 దాకా అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 741 వారాలు ఉంది. అన్ని వారాలు కొన్నవాళ్ళందరికీ చెవులు లేవా?

ఇవాళ పరిస్థితి వేరు. స్ట్రీమింగ్ యాప్‌లో 30 సెకన్లు వింటే ఒక ప్లే కింద లెక్క. 23 నిమిషాల పాట ఆసాంతం విన్నా ఒక్క ప్లేనే, రెండు నిమిషాల పాట విన్నా ఒక్క ప్లేనే. ఈ లెక్కలో ఏ కుర్రాడు 23 నిమిషాల పాట కడతాడు? 1972లో ఎల్పీ ఒకవైపు దాదాపు ఇరవై ఐదు నిమిషాలు పట్టేది, కాబట్టి వాళ్ళు ఆ మేరకి కట్టారు. అప్పుడు ఆ ప్లాస్టిక్ పళ్ళెం వాళ్ళని పొడుగ్గా ఆలోచించనిచ్చింది, ఇప్పుడు ఈ లెక్క పొట్టిగా ఆలోచించమంటోంది. మా అమ్మాయి ఫోన్లో పాటలు వింటూ పల్లవి అయిపోగానే వేలితో తోసేస్తుంది. దాన్ని తప్పుపట్టను, దాని చేతిలో ఉన్న వస్తువు అలా తయారైంది. కానీ మొన్న కారులో విజయవాడ వెళ్తూ స్టార్‌లెస్ పెట్టి, ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. ఒకే స్వరం దగ్గర ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది. పాట బద్దలయ్యే చోట తలెత్తింది. రాగం తిరిగి వచ్చినప్పుడు "ఇది ఫస్ట్ వచ్చిందే కదా డాడీ" అంది. అంతే, నాకు అది చాలు.

1997లో ఉద్యోగం పని మీద మొదటిసారి ఇంగ్లండ్ వెళ్ళాను. రెండో వారంలోనే లండన్‌లో ఒక పాత రికార్డుల కొట్లో ఫాక్స్‌ట్రాట్ సీడీ దొరికింది. అట్ట మొదటిసారి చూశాను, మంచు పలక మీద ఎర్ర గౌనులో నక్క. రాత్రి గదిలో లైటు ఆపేసి డిస్క్‌మన్‌లో పెట్టుకున్నాను. పద్దెనిమిదో నిమిషం దగ్గరపడే కొద్దీ టెన్షన్, చెయ్యి దానంతట అదే బిగుసుకుంది. టక్ మనే చప్పుడు కోసం ఎనిమిదేళ్ళుగా అలవాటుపడిన ఒళ్ళు కదా. చప్పుడు రాలేదు. ఆర్గన్ ఇంకా పైకి వెళ్ళింది, గేబ్రియల్ గొంతు దాని మీదకి దూకింది. ఆ తర్వాత గంటలు మోగాయి, మొట్టమొదట గిటార్ల మీద మెల్లగా విన్న ఆ భార్యాభర్తల పాట, అదే పాట, ఇప్పుడు ఆకాశమంత పెద్దదై తిరిగి వచ్చింది. వెనకాలే రెండో భాగంలోని ఆ గంభీరమైన రాగం కూడా. ఆ చీకట్లో నేను ఏడ్చాను. అది పాట గొప్పతనమో, ఎనిమిదేళ్ళ ఎదురుచూపో విడదీసి చెప్పలేను, విడదీయాలని కూడా లేదు.

ఆ డిసెంబరులో ఇంటికి వచ్చినప్పుడు సీడీ, చిన్న ప్లేయరు, రెండు స్పీకర్లు తెచ్చాను. నాన్న అప్పటికి రిటైరయ్యారు. ఏ పాటో చెప్పకుండా పెట్టాను. విల్లో ఫార్మ్ దాకా ఊరికే విన్నారు. తొమ్మిది మొదలయ్యేసరికి వేళ్ళు తొడ మీదకి వచ్చాయి, ఈసారి ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయనకి ఆ రోజు గుర్తుందో లేదో నేను అడగలేదు. పద్దెనిమిదో నిమిషం దాటింది, కొడుతూనే ఉన్నారు. గంటలు మోగి మొదటి పాట తిరిగి వచ్చిన చోట వేళ్ళు ఆగిపోయాయి, అరచెయ్యి తొడ మీద అలా వెల్లకిలా ఉండిపోయింది. పాట మెల్లగా దూరమైపోయి వినపడకుండా పోయేదాకా ఆయన కదల్లేదు.

చాలాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ క్యాసెట్ అయిపోయిన చోటు నుంచి మళ్ళీ ఒకసారి పెట్టు" అన్నారు.